సమవర్తి అంటే న్యాయమూర్తేనా?

ప్రశ్న: నేనొక ఫాంటసీ నవల రాస్తున్నాను. పూర్తిగా కల్పిత లోకం. అందులో చనిపోయినవాళ్ళ పాపపుణ్యాలు చూసి, ఎవరు ఎక్కడికి పోవాలో తేల్చే దేవుడికి ‘సమవర్తి’ అని పేరు పెట్టాను. రాజైనా బిచ్చగాడైనా ఆయనకు ఒకటే. చదివిన స్నేహితురాలు మాత్రం ‘ఈ దేవుడు నాకు క్రూరుడిలా కనిపిస్తున్నాడు’ అంది. పేరు సరిపోలేదంటారా?

జవాబు: పేరు బాగుందండీ. సంస్కృత నిఘంటువు అమరకోశం యముడి పేర్లను ‘ధర్మరాజః పితృపతిః సమవర్తీ పరేతరాట్’ అంటూ మొదలుపెడుతుంది. సమంగా వర్తించేవాడు సమవర్తి. చట్టం అందరికీ వర్తిస్తుంది అంటాం చూడండి, ఆ వర్తించడమే.

చిక్కల్లా ఆ పంక్తిలోనే ఉన్న ధర్మరాజుతో వస్తుంది. సమవర్తి ఎదుటివాడి హోదా, డబ్బు, చుట్టరికం పట్టించుకోకూడదు. ధర్మరాజు మాత్రం కొన్నిటిని చూసి తీరాలి. చేసినవాడి వయసెంత, తెలిసి చేశాడా, తప్పుకి తగినంతే శిక్ష పడిందా? ఈ రెండో పని చేయకుండా మొదటిది మాత్రం చేసే దేవుడు ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా క్రూరుడే అవుతాడు. మీ స్నేహితురాలికి తగిలింది అదే అనుకుంటాను.

ఈ గొడవ మన కథల్లో ఎప్పుడో వచ్చింది. భారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ చూడండి. మౌనవ్రతంలో ఉన్న ముని ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచి, తామూ అక్కడే నక్కుతారు. రాజభటులు మునిని కూడా పట్టుకుపోతారు, కొరత వేస్తారు, అంటే శూలానికి గుచ్చుతారు. ఆయన చావడు. రాజు తప్పు తెలుసుకుని దింపించినా శూలం ఊడి రాదు. దాన్ని కోసేస్తే ముక్క ఒంట్లోనే ఉండిపోతుంది. ఆణి అంటే శూలపు మొన, అందుకే ఆణిమాండవ్యుడన్నారు.

ఆయన నేరుగా యముడి దగ్గరికి వెళ్ళి ‘నేనేం చేశానని?’ అని నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగులకు పుల్లలు గుచ్చావు, దాని ఫలం ఇది అంటాడు యముడు. గుచ్చినవాడికి గుచ్చడం. లెక్క సరిపోయినట్టే ఉంది. కానీ ముని ఒప్పుకోడు. ఇంత చిన్న తప్పుకి అంత శిక్షా అంటాడు, యముణ్ణి భూమ్మీద పుట్టమని శపిస్తాడు, పద్నాలుగేళ్ళు నిండేవరకు చేసినదేదీ పాపం కాదని కొత్త హద్దు పెడతాడు. ఆ యముడే విదురుడయ్యాడు. తీర్పు చెప్పే దేవుడి మీదే తీర్పు పడటం, ఆ ఒక్కడి ఫిర్యాదుతో పరలోకంలో రూలే మారిపోవడం నాకు ఎప్పుడు చదివినా ఒళ్ళు జలదరించే ఘట్టం.

ప్రశ్న: చాలా ఉపయోగపడిందండీ. కానీ యముడికి పడిన శిక్ష దాసికి కొడుకుగా పుట్టడం కదా. ఒక పుట్టుకని శిక్షగా లెక్కగట్టడం న్యాయమా? అలా పుట్టిన మిగతావాళ్ళంతా ఏం తప్పు చేసినట్టు?

జవాబు: న్యాయం కాదండీ. మాండవ్యుడు ఒక అన్యాయాన్ని సరిదిద్దుతూ ఇంకోదాన్ని అలాగే వదిలేశాడు. దాన్ని సమర్థించడానికి నా దగ్గర మాటల్లేవు. తర్వాతి కథ మాత్రం ఆ పుట్టుకని తక్కువ చేసి చూపదు. పుట్టుక వల్ల సింహాసనానికి పనికిరాడన్న విదురుడే జూదం వద్దన్నాడు, నిండుసభలో పెద్దలు నోరు మెదపనప్పుడు ద్రౌపది తరఫున మాట్లాడాడు. యమలోకంలో వయసు చూడకుండా శిక్ష వేసినవాడు, ఇక్కడ మనిషి కష్టం చూసి మాట్లాడటం నేర్చాడని నేను చదువుకుంటాను. ఇది నా అన్వయమే, కథ అలా అని చెప్పదు.

మీ నవలలో ‘సమవర్తి’ని ఉంచేయండి. అయితే ఆయన ముందు నిలబడ్డవాడికి ‘ఎందుకు?’ అని అడిగే హక్కు ఉందో లేదో మొదటి అధ్యాయాల్లోనే తేల్చుకోండి. లేకపోతే ఆ పేరు చివరిదాకా ఆయనకు తగినదే. ఉంటే మాత్రం, ఎవరో ఒకరు అడిగి గెలిచిన రోజున ఆయన్ని ధర్మరాజు అని పిలిపించండి. రెండు పేర్లూ ఒకే దేవుడివి కాబట్టి పాఠకులకు వింతగా ఉండదు.