అప్‌డేట్: బేరింగుల ఆయుష్షు గ్రాఫులో తప్పు దొరికింది

బెంగళూరు పీణ్యాలోని మా యూనిట్‌లో తయారయ్యే పంపుల బేరింగుల ఆయుష్షును గణాంకాల లెక్కలు చేసే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లో గీస్తే మరీ తక్కువగా ఎందుకు వస్తోందని పోయిన నెల అడిగాను. మీలో ఒకరు ఊహించిందే నిజం. పాడైనవాటినే లెక్కించాను, ఇంకా నడుస్తున్నవాటిని షీటులోంచి తీసేశాను. ఆగని పంపు కూడా సాక్ష్యమే కదా, ఇన్ని గంటలైనా బతికే ఉందని!

ఇప్పుడు ప్రతి వరుసలో నడిచిన గంటలు, పక్కన పాడైతే 1, లేకపోతే 0 వేసి ఆర్‌లో ఆయుష్షు లెక్కలు చేసే ‘సర్వైవల్’ ప్యాకేజీకి ఇచ్చాను. ఎన్ని గంటలకు ఎంత భాగం ఇంకా నడుస్తుందో చూపే కప్లన్-మేయర్ గీత మెట్లుమెట్లుగా దిగింది. పాడైనచోటే మెట్టు, నడుస్తున్నవాటి దగ్గర చిన్న ప్లస్ గుర్తు.

అసలు సంగతి వైబుల్ గ్రాఫులో (పాడవడం ఏ తీరుదో గీత వాలును బట్టి చెప్పే గ్రాఫు) బయటపడింది. చుక్కలు ఒకే గీత మీద లేవు, మధ్యలో మోచేయిలా వంగాయి. మొదటి భాగం వాలు 1 కంటే తక్కువ, అంటే అరుగుదల కాదు, పుట్టుకలోనే లోపం. తొందరగా పోయిన బేరింగు ఒకటి విప్పి చూస్తే, లోపలి గాడిలో, బంతుల మధ్య ఎంత దూరముందో అంతే దూరంలో సొట్టలు! సుత్తితో కొట్టి ఎక్కించిన గుర్తులవి. చూడగానే మనసు చివుక్కుమంది.

అరుగుదల, సుత్తి దెబ్బ అనే రెండు కారణాలనూ విడదీశాను. సొట్టలతో పోయినవి అరిగి పోలేదు కాబట్టి, అరుగుదల గ్రాఫులో వాటికి 0 వేస్తున్నాను. బేరింగులు ఎక్కించడానికి సుత్తి బదులు, నొక్కి ఎక్కించే ప్రెస్ యంత్రం వచ్చింది.