వలస వెళ్లివచ్చేవారిని ఏ లెక్కలో చేర్చాలి?

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గరి మా ఊరి జనాభాపై చిన్న నివేదిక రాస్తున్నాను. 2011 జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది; ఆ రోజులన్నీ ఊళ్లో లేనివారిని ఇక్కడి లెక్కలో చేర్చలేదు. వేరుశనగ నూర్పిళ్లు ముగిశాక బెంగళూరు కట్టడం పనులకు పోయినవారు అప్పటికి తిరిగిరారు కదా! మా వీధిలోని పదకొండు ఇళ్లలో నిరుడు సంక్రాంతి దాటాక ఆరింటికి తాళాలు. మిగిలినవాటి అరుగులపై ముసలివారు, వారి ఒళ్లో మనవలు. రేషన్ కార్డుల్లోనూ, ఓటర్ల జాబితాలోనూ మాత్రం అందరూ ఊళ్లోనే ఉన్నారు. ఇలా ఏటా కొన్ని నెలలు వెళ్లివచ్చేవారిని వేరుగా చూపే ఇంటింటి సర్వే ప్రశ్నావళిని ఎవరైనా తయారుచేసి ఉంటే, ఎన్ని నెలలు బయట ఉన్నవారిని వలస వెళ్లినట్లు పరిగణించారో దయచేసి తెలుపగలరా? కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలను ఏ ఊరి పట్టికలో చేర్చాలో కూడా నాకు తేలడం లేదు.