లావైతే వాడి ఖర్చు వాడే పెట్టుకోవాలా? వాకింగ్‌లో గొడవైంది, మీరేమంటారు

మిర్చియార్డ్_బామ్మర్ది, గుంటూరు

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మా బావకి 46 ఏళ్లు, మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా, బరువు 112 కేజీలు. తెల్లారేసరికి యార్డుకి పోయి కాటా పక్కన కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవడు, మధ్యలో నాలుగు టీలు, రెండు ప్లేట్లు పునుగులు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలేమో చువ్వల్లా ఉంటారు, ఆ టిక్కీల లెక్క రాసే మా బావ ఇట్టా తయారయ్యాడు. మొన్న ఫిబ్రవరిలో గుండెల్లో నొప్పొచ్చి పడిపోతే స్టెంటు వేశారు, ఎన్టీఆర్ వైద్యసేవ కింద అయిపోయింది (ఇంట్లో మేమింకా ఆరోగ్యశ్రీ అనే అంటాం), ఆపరేషన్‌కి మేం రూపాయి కట్టలా.

నిన్న పొద్దున వాకింగ్‌లో మాటల్లో ఈ సంగతి చెప్తే ఒక రిటైరైన పెద్దాయన, నోరు కట్టుకోలేనోళ్లకి నా టాక్సుతో స్టెంట్లెందుకయ్యా, లావుగా ఉన్నోళ్ల దగ్గర వేరేగా వసూలు చెయ్యాలి అనేశాడు. ఒళ్లు మండింది గానీ అప్పటికప్పుడు సమాధానం తట్టలా. ఇంటికొచ్చి కాగితం మీద రాసుకున్నా. నిండు సీజన్లో పడిపోయాడు గాబట్టి మూడు నెలల జీతం పోయింది, ఓనరు ఇంకో కుర్రోణ్ణి పెట్టుకున్నాడు, మందులకి నెలకి 2,800, మా అక్క ఇంట్లో బట్టలు కుడుతుంది, రెండు నెలలు మిషను ముట్టుకోలా, పెళ్లిళ్ల జాకెట్లన్నీ పక్కింటావిడకి పోయినయ్. ఇదంతా ఎవరి ఖాతాలో రాయాలి? అసలు ఈ లావు వల్ల దేశానికి ఎంత ఖర్చు, గవర్నమెంటు ఏమైనా చెయ్యగలదా, లేక ఆ పెద్దాయన చెప్పిందే కరెక్టా?

సూటిగా_సత్తి, విజయవాడ

పెద్దాయన మాటలో తప్పేముంది బ్రో. ఎవరూ పట్టుకుని నోట్లో పెట్టరుగా. నేను రోజూ అయిదింటికి లేచి బందరు రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు నడుస్తా, నా కష్టం నేను పడుతుంటే ఇంకోడి పునుగులకి నేనెందుకు బిల్లు కట్టాలి. మీ బావ మీద కోపమేం లేదు, త్వరగా కోలుకోవాలి.

బ్రాడీపేట_ఎకనామిక్స్

సత్తిగారూ, నేను డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తా, అలవాటు కొద్దీ కొంచెం పాఠంలా వస్తే ఏమనుకోవద్దు.

ముందు మన సంగతి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో ఆడవాళ్లు 36.3 శాతం, మగవాళ్లు 31.1 శాతం ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువున్నారు. దేశం మొత్తమ్మీద చూస్తే ఆడవాళ్లు 24, మగవాళ్లు 22.9. అంటే మన ఆంధ్రాలో దాదాపు ముగ్గుర్లో ఒకరు. వీళ్లందరికీ నోరు కట్టుకోవడం చేతకాదంటే, మరి వాళ్ల అమ్మమ్మలకి ఎలా చేతనైంది? మనుషుల బుద్ధి ఒక్క తరంలో మారిపోదు గదా, మారింది పని, తిండి, నూనె రేటు.

ఖర్చు సంగతికొస్తే, 2019కి మన దేశంలో జీడీపీలో దాదాపు 1 శాతం అని వరల్డ్ ఒబేసిటీ ఫెడరేషన్ లెక్క. దాంట్లో ఆస్పత్రి బిల్లులే కాదు, పోయిన పనిదినాలు, ముందే పోయిన ప్రాణాలు కూడా ఉంటాయి. బామ్మర్దిగారూ, మీ అక్క కుట్టని జాకెట్లు ఆ లెక్కలోకి కూడా సరిగ్గా రావు, ఎందుకంటే ఇంట్లో మిషను ఆగితే ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. గవర్నమెంటు పెట్టింది స్టెంటు ఖర్చు, మిగతాదంతా మీ ఇంటి మీదే పడింది. కాబట్టి ఇంకోడి బిల్లు నేను కడుతున్నా అన్న మాట సగమే నిజం.

ఇంకో తమాషా, 2008లో నెదర్లాండ్స్‌లో ఒక స్టడీ చేశారు, జీవితం మొత్తం మీద చూస్తే లావువాళ్ల కన్నా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే వైద్య ఖర్చు ఎక్కువని తేలింది, ఎందుకంటే వాళ్లు ఎక్కువకాలం బతికి ముసలితనపు జబ్బులన్నీ తెచ్చుకుంటారు. ఆ లెక్కన ఖజానాకి ఎక్కువ బరువు మీరే సత్తిగారూ, ఆరు కిలోమీటర్లు నడుస్తున్నారు గదా 😀

టాక్సులంటారా, మెక్సికోలో 2014 నుంచి తీపి కూల్‌డ్రింకుల మీద లీటరుకి ఒక పెసో వేస్తే మొదటి ఏడాది కొనుగోళ్లు సగటున 6 శాతం తగ్గినయ్. బ్రిటన్‌లో 2018 నుంచి చక్కెర శాతాన్ని బట్టి వేస్తే కంపెనీలే చక్కెర తగ్గించుకున్నాయి, నాకు బాగా నచ్చింది ఇదే. డెన్మార్క్ వాళ్లు 2011లో వెన్న, చీజ్ లాంటి కొవ్వు పదార్థాల మీద టాక్స్ వేస్తే జనం బోర్డర్ దాటి జర్మనీలో కొనుక్కొచ్చుకున్నారు, మనోళ్లు మందు సీసాల కోసం కోదాడ వైపు పోలా, అట్టా. 2013 వచ్చేసరికి తీసేశారు. కేరళలో 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్ల పిజ్జా, బర్గర్ల మీద 14.5 శాతం వేశారు, మరుసటేడు జీఎస్టీ రాగానే అది అందులో కలిసిపోయింది.

మన దగ్గర ఇప్పుడు కూల్‌డ్రింక్ మీద 40 శాతం. అదేదో కొత్తగా వేశారనుకునేరు, అంతకుముందు 28, దాని మీద సెస్సు 12, మొత్తం అంతే. అదే 2025 సెప్టెంబర్లో బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములు 18 నుంచి 5కి దిగాయి. జిమ్ముల మీద కూడా 18 నుంచి 5కి తగ్గించారు, ఆ మటుకు మంచిదే.

ఏఎన్ఎం_అక్క, మంగళగిరి వైపు

మాస్టారు పైనుంచి చెప్పారు, నేను కిందనుంచి చెప్తా. 30 ఏళ్లు దాటిన ప్రతివాళ్లకీ బీపీ, షుగర్ చూడాలి, నడుం కొలత కూడా రాసుకోవాలి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే రిస్కు అని ఫారంలోనే ఉంటుంది. ఆశా వర్కరు టేపు పట్టుకుని ఇంటికెళ్తే ఆడవాళ్లు నవ్వుతారు, జాకెట్టు కొలతలకొచ్చావా అమ్మాయ్ అని. మగవాళ్లయితే కడుపు లోపలికి పీల్చి నిలబడతారు, ఊపిరి వదలండి బాబాయ్ అంటే వదలరు. సరే నడుం 104 అని రాస్తాం, యాప్‌లో ఎక్కిస్తాం. ఆ తర్వాత? నూనె తగ్గించండి, నడవండి అని నోటితో చెప్పి వచ్చేస్తాం. ఇంట్లో ఏం వండుతున్నారో కూర్చుని మాట్లాడే డైటీషియన్ మా పీహెచ్‌సీలో లేరు. నడవమంటే మా సెంటర్ ముందు రోడ్డుకి అసలు పక్కన జాగానే లేదు, రాత్రిపూట లారీలు, కుక్కలు.

ఇంకో చిన్న సంగతి, మా దగ్గరున్న బీపీ పట్టా మామూలు సైజు. లావు చేతికి అది చాలదు, చాలని పట్టా కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టా కావాలని రెండుసార్లు రాసిచ్చా. కిడ్నీలు పోయి డయాలసిస్ మీదున్నవాళ్లకి నెలకి 10,000 పెన్షన్ ఇస్తున్నారు, ఇవ్వాల్సిందే, కాదనను. కానీ ఆ కిడ్నీ పోకముందు పదేళ్లు ఆ మనిషి షుగర్ నేను చూస్తూనే ఉన్నా గదా, అప్పుడు పట్టా మార్చడానికి కూడా దిక్కులేదు.

బజ్జీబండి_బుజ్జి, విజయవాడ

అందరూ తిండి తిండి అంటుంటే నాకే తగిలింది, నాది బెసెంట్ రోడ్డు పక్క సందులో బండి. మాస్టారూ, మీరు పిజ్జా మీద వేసినా బర్గర్ మీద వేసినా నా బజ్జీకి తగలదు, నాకు జీఎస్టీ నంబరే లేదు. నన్ను ముట్టుకునేది ఒక్కటే, పామాయిల్ డబ్బా రేటు. 2025 ఫిబ్రవరిలో ప్రధానిగారు రేడియోలో నూనె పది శాతం తగ్గించండి అన్నారు, అదే ఏడాది మే నెలాఖర్లో ముడి నూనెల మీద దిగుమతి సుంకం 20 నుంచి 10కి తగ్గించారు. నాకైతే సంతోషమే, ఇళ్లల్లో జనానికీ సంతోషమే, కానీ రెండు మాటలూ ఒకే నోట్లోంచి ఎట్టా వచ్చినయ్యో మీరే చెప్పాలి.

ఇంకోటి చెప్తా వినండి. 2022లో యుక్రెయిన్ యుద్ధమప్పుడు నూనె మండిపోతే రేటు పెంచడానికి భయమేసి ప్లేటుకి నాలుగు బజ్జీలిచ్చేది మూడు చేశా. మొదటివారం ఇద్దరు ముగ్గురు మొహం పెట్టారు. ఆ తర్వాత ఎవడూ అడగలా, ఇంకో ప్లేటు కూడా తెప్పించుకోలా! ఉల్లిపాయ ముక్కలు కొంచెం ఎక్కువేసేవాణ్ణి, అంతే. రేటు దిగాక కూడా మూడే ఇస్తున్నా, తిట్టుకోకండి.

సూటిగా_సత్తి, విజయవాడ

బుజ్జి అన్నా, ఆ నాలుగో బజ్జీ ఏమైందని నేనూ అనుకున్నా అప్పట్లో, నీదే అన్నమాట 😂 సరే మాస్టారూ, స్టెంటు ఆపాలనట్లేదు నేను. కానీ అక్క చెప్పింది నాకు ఎక్కింది, టేపు కొలతకీ స్టెంటుకీ మధ్యలో ఎవరూ లేకపోవడం. నడవనోళ్ల మీద మాట తూలా, బందరు రోడ్డు మీద నడవడానికి జాగా ఉంది గాబట్టి నడుస్తున్నా, మా అత్తగారి ఊళ్లో నేనూ నడవను.

మిర్చియార్డ్_బామ్మర్ది, గుంటూరు

అందరికీ థ్యాంక్స్. అక్కా, మీ పోస్టు చదివి మా అక్క మిషను టేపు తీసి బావ నడుం కొలిచా. ఊపిరి బిగబట్టాడు, మీరన్నట్టే. వదిలాక 118. కమిషన్ కొట్టాయన సోమవారం నుంచి రమ్మన్నాడంట, కాటా దగ్గర కాదు, లోపల కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే పని, అంటే ఇంకా కదలకుండా కూర్చోవడమే. జీతం కావాలి, వద్దనలేం. బీపీ చూపించడానికి ఈ వారంలో తీసుకెళ్దామనుకుంటున్నా, పెద్ద పట్టా ఉన్న చోటు గుంటూరులో ఎక్కడో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.