కాల్ త్వరగా ముగిస్తే బోనస్: తప్పు ఉద్యోగిదా, టార్గెట్‌దా?

విసిగినవాడు: రీఫండ్ కోసం కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "లైన్లో ఉండండి సార్" అన్నారు, కట్. నాలుగోసారికి గానీ పని కాలేదు. తర్వాత తెలిసింది, కాల్ ఎంత త్వరగా ముగిస్తే వాళ్లకి అంత బోనస్ అట. ఇలాంటివాళ్లని ఉద్యోగంలో ఉంచాలా?

హెడ్‌సెట్: ఆరేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. దాన్ని ఏహెచ్‌టీ అంటారు, ఒక్కో కాల్‌కి పట్టే సగటు సమయం. మా టార్గెట్ ఆరు నిమిషాలు. రీఫండ్ గొడవ తేలాలంటే ఇరవై పడుతుంది. ఒకటి పూర్తి చేస్తే ఆ రోజంతా పరుగే. వేరే టీమ్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తే నా లెక్కలోంచి పోతుంది. మీరు మళ్లీ చేస్తే అది కొత్త కాల్. మొదటి కాల్‌లోనే సమస్య తీరిందా అనే లెక్కా ఉండేది, కానీ బోనస్ దానికి ముడిపెట్టలేదు.

విసిగినవాడు: అంటే కట్ చేసేవాణ్ణని ఒప్పుకున్నట్టేగా.

హెడ్‌సెట్: ట్రాన్స్‌ఫర్ అన్నాను. కట్ అనలేదు.

విసిగినవాడు: నాది ట్రాన్స్‌ఫర్ కాలేదు. కట్టయింది. మూడుసార్లు.

గోడమీదపిల్లి: నాకు గంటసేపు మ్యూజిక్ వినిపించారు. ట్యూన్ బాగుంది.

లెక్కలపిచ్చి: అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు కథ ఇదే. ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ఖాతాలో కార్డులో అంటగట్టాలని లక్ష్యం పెట్టుకుంది. సిబ్బంది జనాన్ని అడక్కుండానే ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. దాదాపు 5,300 మందిని తీసేశారు. అంతమందీ పుట్టుదొంగలేనా?

విసిగినవాడు: దొంగ ఖాతా తెరవనివాళ్లూ అక్కడే ఉన్నారుగా!

హెడ్‌సెట్: ఉన్నారు. టార్గెట్ అందక ఉద్యోగం పోయిందని చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఇంతకీ మీ పని చేసిపెట్టిన నాలుగో కాల్‌కి ఎంత రేటింగ్ ఇచ్చారు?

విసిగినవాడు: ఒకటి. ఆ అమ్మాయి మంచిదే. కంపెనీకి బుద్ధి రావాలని ఇచ్చాను.

హెడ్‌సెట్: ఆ ఒకటి కంపెనీకి వెళ్లదండీ, ఆ అమ్మాయి పేరు మీద పడుతుంది. ఇరవై నిమిషాలు మీకిచ్చి ఏహెచ్‌టీ పోగొట్టుకుంది, పైగా మీ ఒకటి. వచ్చే నెల ఆమె కూడా "లైన్లో ఉండండి" అంటుంది. నేను మానేసింది ఇలాంటి ఒకట్లు పడే.

విసిగినవాడు: "మా సేవ ఎలా ఉంది" అని అడిగారు. బాగాలేదు. అబద్ధం చెప్పమంటారా?

హెడ్‌సెట్: ఆమెను మెచ్చుకుంటూ ఒక మెయిల్ రాయండి. మా దగ్గర వాటికి మార్కులు ఉండేవి కావు. అయినా రాయండి.

విసిగినవాడు: రాస్తాను. ముందు ఆ మూడు కాల్స్ కట్ చేసిందెవరో తేలనివ్వండి.