‘నాకు ఉంది’ అనడం ఇంగ్లిష్‌లో ఎలా నేర్పాలి?

ప్రశ్న: పెద్దవాళ్ళకు ప్రాథమిక ఇంగ్లిష్ చెబుతున్నాను. ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు’ అనమంటే ‘టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్’ అంటున్నారు. హ్యావ్, హ్యాజ్ పట్టిక అప్పజెప్పించుకున్నాను. పట్టిక వచ్చింది, వాక్యం రాలేదు. అపాస్ట్రఫీ (’ గుర్తు) జోలికి పోవాలంటేనే భయం. ఏది ముందు చెప్పాలి?

జవాబు: పట్టికను పక్కన పెట్టండి. అసలు చిక్కు కర్త దగ్గరుంది. ‘ఆమెకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు’ అన్నప్పుడు మన క్రియ తమ్ముళ్ళను బట్టి మారుతుంది. ఇంగ్లిష్‌లో ‘షి హ్యాజ్ టూ బ్రదర్స్’ అన్నప్పుడు ఆమే కర్త, క్రియ ఆమె మాటే వింటుంది. ‘షి హ్యావ్ టూ బ్రదర్స్’ అనే తప్పు చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. తమ్ముళ్ళు ఇద్దరు కదా అని బహువచనం వేసేస్తారు. తెలుగు వాక్యం, సరైన ఇంగ్లిష్ వాక్యం ఒకదాని కింద ఒకటి రాసి, క్రియ నుంచి కర్తకు గీత గీయించండి.

తర్వాత ‘నాకు జ్వరం ఉంది’, ‘నా దగ్గర పెన్ను ఉంది’, ‘గదికి రెండు కిటికీలు ఉన్నాయి’ చెప్పించండి. మూడింటికీ హ్యావ్ కుటుంబమే సరిపోతుంది. ‘దగ్గర’ కనబడగానే ‘నియర్’ అనేవాళ్ళుంటారు. ‘ద పెన్ ఈజ్ నియర్ మీ’ అంటే పెన్ను చుట్టుపక్కల ఎక్కడో ఉందని మాత్రమే.

మరొకరి జవాబు: అపాస్ట్రఫీకి అంత భయం అక్కర్లేదండీ. ‘కిరణ్ సంచి’ అన్నా ‘కిరణ్స్ బ్యాగ్’ అన్నా వరుస ఒకటే, సొంతదారు ముందు. ‘యొక్క’ను మాత్రం తరగతిలోకి రానివ్వకండి, మాటల్లో దాన్ని ఎవరూ వాడరు. ముందు చెవికి అలవాటు చేయండి: దీపక్స్ బ్యాగ్, సురేషిజ్ బ్యాగ్. పేరు చివర స, ష, చ లాంటి ధ్వని ఉంటే ‘ఇజ్’ వస్తుంది. గుర్తు ఎక్కడ పెట్టాలో రాత మొదలయ్యాక చూసుకోవచ్చు. బహువచనం తర్వాత వచ్చే అపాస్ట్రఫీని ఇప్పుడే తెస్తే ఉన్నది కూడా పోతుంది.

అడిగినవారు: గీత పద్ధతి బాగుంది, రేపే చేస్తాను. ‘లేదు’ సంగతేమిటి? ‘షి డజ్ నాట్ హ్యాజ్’ అంటున్నారు.

మొదటి జవాబుదారు: డజ్ వచ్చిందంటే ఏకవచనం పని అదే చేసేసింది, ఇక హ్యావ్ చాలు. ప్రశ్నలోనూ అంతే, ‘డజ్ షి హ్యావ్’. ‘ఇట్స్’ కూడా అడుగుతారు, సిద్ధంగా ఉండండి. ‘దాని’ అనే అర్థంలో అపాస్ట్రఫీ ఉండదు. ఉంటే అది ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హ్యాజ్’కు పొట్టి రూపం.