అప్‌డేట్: ఆ పాత వీఎంసీ చూసొచ్చాను

బాలానగర్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) కొనొచ్చా అని పోయిన వారం అడిగాను కదా, నిన్న డయల్ గేజ్ (సన్నని కదలికని కూడా ముల్లుతో చూపే మీటరు) పట్టుకుని వెళ్లాను. చల్లగా ఉన్నప్పుడు ఎలా నడుస్తుందో చూడాలని, నేను వచ్చేదాకా మెషిన్ ఆన్ చేయొద్దని ముందే చెప్పాను. వెళ్లేసరికి స్పిండిల్ (టూల్‌ని పట్టి తిప్పే భాగం) గోరువెచ్చగా ఉంది, అంటే ముందే నడిపారు! అక్కడే అనుమానం మొదలైంది.

స్పిండిల్ బాగానే ఉంది, టేపర్ (టూల్ కూర్చునే చోటు) లోపల రనౌట్, అంటే తిరిగేటప్పుడు వచ్చే ఊగు, 5 మైక్రాన్లు దాటలేదు. తంటా అంతా వై యాక్సిస్‌తోనే (ముందుకీ వెనక్కీ జరిగే దిశ). చేత్తో తిప్పే హ్యాండ్‌వీల్‌ని క్లిక్కుకి 0.01 మి.మీ. మీద పెట్టి వెనక్కి తిప్పితే, టేబుల్ మధ్యలో 6 క్లిక్కుల దాకా గేజ్ ముల్లు కదల్లేదు, అంటే అంత లూజు ఉంది. టేబుల్ చివరన అయితే 2 క్లిక్కులకే కదిలింది. "పారామీటర్‌లో సర్దేస్తే పోతుంది సార్" అన్నాడు ఓనరు, అంటే ఆ లూజుని మెషిన్ సెట్టింగ్‌లో ఒక నంబరుగా వేసేయడం. బాల్‌స్క్రూ (టేబుల్‌ని జరిపే మర రాడ్) ఒక్కోచోట ఒక్కోలా అరిగితే ఏ నంబరని వేస్తాం? కొత్త బాల్‌స్క్రూ ఖర్చు రేటులో తగ్గించమన్నాను. ఇంకా ఫోన్ రాలేదు. అడ్వాన్స్ అయితే ఇవ్వలేదు.