పాత స్వీడిష్ బడి హెర్బేరియం షీట్లు: ఫ్రేమ్ కట్టించే ముందు ఏం చూసుకోవాలి?

మల్లెతీగ:
స్వీడన్‌లో బడిపిల్లలు 1890ల నుంచి 1930ల దాకా తయారుచేసిన హెర్బేరియం షీట్లు (ఎండబెట్టిన మొక్కను అంటించి, వివరాల చీటీ పెట్టిన కాగితాలు) కొన్ని కొన్నాను. హైదరాబాద్‌లో మా హాల్లో గోడకు పెట్టాలని ఉంది. రెండు షీట్లలో ఆకులకు సన్నటి చిల్లులు ఉన్నాయి, కింద గోధుమరంగు పొడి రాలింది. పురుగు ఇంకా బతికే ఉందంటారా? ఇంకో షీట్‌లో మొక్క చుట్టూ కాగితం బూడిద-నలుపు రంగుకు తిరిగింది, మిగతా వాటికి అలా లేదు. ఫ్రేమ్ షాపులో మొక్కను ఊడదీసి కొత్త అట్టకు అంటిస్తామని, చీటీ కత్తిరించేస్తే అందంగా ఉంటుందని అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

పాతకాగితం:
ఒప్పుకోకండి. చీటీ పోతే మిగిలేది ఎండుటాకే. మొక్క పేరు, ఊరు, తేదీ, సేకరించినవారి పేరు ఉన్నంతకాలమే అది హెర్బేరియం షీట్. మొక్క లాటిన్ పేరు చివర ‘ఎల్’ అక్షరం ఉంటే ఆ పేరు స్వీడిష్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టాడని అర్థం. ‘లెగ్’ పక్కన ఉండేది సేకరించినవారి పేరు, ‘డెట్’ పక్కన ఉండేది మొక్క ఏదో గుర్తించినవారి పేరు. తేదీ చెరిగిపోతే స్వీడిష్ వర్ణక్రమం చూడండి. 1906 సంస్కరణలో ‘వ’ ముందు రాసే పలకని ‘హ’ను తీసేశారు. తెల్ల అనిమోని పువ్వు పేరు ఆ ‘హ’తో ఉంటే చీటీ చాలావరకు అంతకు ముందుదే. అలవాటు మానని పెద్దవాళ్లు తర్వాత కూడా పాత పద్ధతిలో రాసి ఉండొచ్చు కాబట్టి దీన్నొక్కదాన్నే ఆధారం చేసుకోకండి.

పొడి విషయానికొస్తే, అది సిగరెట్ బీటిల్ లేదా డ్రగ్‌స్టోర్ బీటిల్ పని కావచ్చు. పసుపుకొమ్ముల్లో, ధనియాల్లో పట్టే పురుగులే ఇవి. పాత పొడి మెత్తటి బ్రష్‌తో తీసేసి, షీట్‌ను తెల్లకాగితం మీద ఉంచి, మొత్తం జిప్ కవర్లో పెట్టండి. కొత్త పొడి పడితే పురుగు ఉన్నట్టే. పడకపోయినా లోపల గుడ్లుండొచ్చు, అందుకే ఫ్రీజింగ్ తప్పనిసరి. షీట్లను రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, పాలిథిన్ కవర్లో గాలి తీసేసి టేపు వేసి, -18 డిగ్రీల డీప్‌ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఐస్ అర అంత చల్లబడదు. బయటికి తీశాక 24 గంటలు కవర్ విప్పొద్దు. చల్లటి కాగితానికి గాలి తగిలితే దానిమీదే నీరు పడుతుంది, తడి జిగురు వదిలేస్తుంది.

కలరా ఉండలు మాత్రం ఫ్రేమ్‌లో వేయకండి. ఆ ఆవిరి ఊపిరికి మంచిది కాదు, కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, పైగా గుడ్లను నమ్మకంగా చంపదు.

ఆకుపచ్చ:
పై జవాబుకు ముఖ్యమైన చేర్పు. ఆ బూడిదరంగు మరకున్న షీట్‌ను తిండి పెట్టే ఫ్రీజర్లో పెట్టకండి. అప్పట్లో పురుగు పట్టకుండా మొక్కల్ని స్పిరిట్‌లో కలిపిన మెర్క్యూరిక్ క్లోరైడ్‌తో (పాదరసం ఉన్న విషపు లవణం) తడిపేవారు, కొన్నిచోట్ల ఆర్సెనిక్ కూడా వాడారు. అది కాగితంలోకి దిగి, ఏళ్లు గడిచేకొద్దీ మొక్క ఆకారంలోనే నల్లబారుతుంది. మొక్కలోని ఆమ్లాల వల్ల వచ్చే మచ్చ సాధారణంగా గోధుమరంగులో ఉంటుంది. బడిపిల్లల షీట్లలో ఈ విషం అరుదు, మ్యూజియంలు, కాలేజీల నుంచి వచ్చినవాటిలో మామూలు. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరీక్ష (ఎక్స్‌రేలతో అందులోని మూలకాల్ని కనిపెట్టేది) చేయిస్తే తప్ప కచ్చితంగా చెప్పలేం కాబట్టి, విషం ఉందనుకునే మెలగండి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి, పిల్లలకు అందనివ్వకండి. దాని పొడిని ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో లాగొద్దు. ఆ ఒక్క షీట్‌ను గోడకు పెట్టకపోవడమే మంచిది, పాదరసం ఆవిరి నెమ్మదిగా వస్తూనే ఉంటుంది. విడిగా మూతపెట్టెలో ఉంచి, పైన ‘విషం ఉండొచ్చు’ అని రాయండి.

చట్రం:
ఫ్రేమ్ సంగతి నేను చెప్తాను. ఇక్కడ పాడయ్యేది ఎక్కువగా మూడింటి వల్ల: అద్దం మొక్కకు తగలడం, వెనక ఎండీఎఫ్ చెక్క (చెక్కపొట్టు, జిగురు కలిపి అదిమిన పలక), ఎండ.

అద్దానికీ మొక్కకూ మధ్య ఖాళీ ఉండాలి. అన్నిటికన్నా మందమైన కాడ కొలిచి, దానికి 3 మి.మీ. కలపండి. ఒక్క మౌంట్ అట్ట (అద్దం కింద చుట్టూ వేసే కిటికీలాంటి అట్ట) సరిపోదు, రెండు పొరలు వేయించండి లేదా అంచు వెంట స్పేసర్ పెట్టించండి. అక్రిలిక్ తేలికే గానీ తుడిచినప్పుడు స్థిర విద్యుత్తు పుట్టి వదులైన రేకుల్ని లాగేస్తుంది. యూవీ ఆపే గాజు మేలు. వెనక ఎండీఎఫ్, ప్లైవుడ్ ఆమ్ల ఆవిర్లు వదులుతాయి, ఆసిడ్-ఫ్రీ అట్ట అడగండి. షాపులో లేకపోతే ఆర్కైవల్ సామాను అమ్మేవాళ్ల దగ్గర మీరే కొని ఇవ్వండి.

షీట్‌ను అట్టకు అంటించనే వద్దు. నాలుగు మూలలకు ఆసిడ్-ఫ్రీ కాగితంతో జేబులు చేసి, షీట్‌ను వాటిలో దూర్చి, జేబుల్ని మాత్రం అట్టకు అంటిస్తే రేపు ఏ మచ్చా లేకుండా తీసేయొచ్చు.

వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి. యూవీ గాజు పెట్టినా మామూలు వెలుతురుకే రంగు పోతుంది, నీలం పూలు ముందు తెల్లబడతాయి. మూడు నెలలు గోడ మీద ఉంచి, తర్వాత పెట్టెలో పెట్టి వేరే షీట్ మార్చండి. వానాకాలంలో తడి ఎక్కే బయటి గోడకు తగిలించొద్దు. లోపలి గోడకైనా ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా రబ్బరు బొడిపెలు పెడితే గాలి ఆడుతుంది. గదిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు ఉంటే బూజు మొదలవుతుంది, చిన్న హైగ్రోమీటర్ కొనుక్కోండి.

మల్లెతీగ:
కృతజ్ఞతలండీ. ఊడిపోయిన కాడల్ని మైదా జిగురుతో అంటించొచ్చా? ఒక షీట్‌కు సెలోటేపు కూడా ఉంది.

పాతకాగితం:
మైదా వద్దు. అందులోని గ్లూటెన్ పసుపెక్కుతుంది, పురుగుకు విందు. గ్లూటెన్ తీసేసిన గోధుమ పిండిపదార్థం, అంటే వీట్ స్టార్చ్ దొరుకుతుంది. ఒక వంతు స్టార్చ్‌కు ఐదు వంతుల నీళ్లు పోసి, సన్నసెగ మీద ఆపకుండా కలుపుతూ 20-30 నిమిషాలు ఉడికించి, చల్లారాక జల్లెడ పట్టండి. జపనీస్ టిష్యూను (పల్చగా ఉన్నా గట్టిగా ఉండే పొడవు నారల కాగితం) 3 మి.మీ. పట్టీలుగా చింపి కాడ మీదుగా అడ్డంగా వేసి, రెండు కొసలకే జిగురు రాయండి. కాడకూ ఆకుకూ జిగురు తగలకూడదు, కాగితం తేమకు సాగినా కుంచించుకున్నా మొక్క విరగకుండా కదలాలి. రాలిన ముక్కల్ని చిన్న కాగితపు మడతలో వేసి, షీట్ నంబరు రాసి దానితోపాటే ఉంచండి.

సెలోటేపు లాగొద్దు, ఆకు చర్మం దానితోపాటే వస్తుంది. అది కాగితం కన్సర్వేటర్, అంటే పాత కాగితాల్ని బాగుచేసే నిపుణుడి చేతి పని. అంతవరకు ఆ షీట్‌ను ఫ్రేమ్ చేయకుండా బల్లపరుపుగా, విడి ఫోల్డర్లో ఉంచండి.